పదును

తెలుగులో నీటి జాడలకి పేర్లు చాలా ఉన్నాయి. తల తుడుచుకున్న తువ్వాలుది తడి. వానాకాలం గోడకి పట్టేది చెమ్మ. రొమ్ముకి చేరేది నిమ్ము. వాన ముందర ఒంటికి అంటుకునేది ఉక్క. గాలిలో కనపడకుండా తిరిగేది తేమ. పండితులు రాస్తే ఆర్ద్రత. అది కళ్ళలోనూ కవిత్వంలోనూ కూడా ఉంటుంది కనుక ప్రస్తుతానికి పక్కన పెడదాం. వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైన మాట పదును. తొలకరి పడ్డాక రైతు చేలోకి దిగి, గుప్పెడు మట్టి తీసి, నొక్కి చూసి, “పదునైంది” అంటాడు. నాగలి దిగడానికి సరిపడా తేమ ఉందని అర్థం. ఎక్కువైతే బురద, తక్కువైతే బెడ్డలు. అదే మాట కొలిమి దగ్గరికి వెళితే ఇనుముకి పెట్టేది అవుతుంది. కాల్చిన కత్తిని నీళ్ళలో ముంచి తీస్తే వచ్చేది పదును. మట్టికీ ఇనుముకీ ఒకే మాట ఎందుకు వచ్చిందో నిఘంటువు చెప్పదు. రెండు చోట్లా నీళ్ళు ఉన్నాయి, రెండు చోట్లా తగు మోతాదు ఉంది. నాకు ఆ సమాధానం చాలు.

ఈ నెల శీర్షిక ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఒక తుపాకి.

కంగారు పడకండి, తుపాకి నాది కాదు. ఇక్కడే శాంటా క్లారాలో, మాకు నాలుగు వీధుల అవతల ఉండే మిత్రుడి భార్యది. ఆవిడ ఈ లోయలో పుట్టి పెరిగిన మనిషి. దీన్ని సిలికాన్ వ్యాలీ అనకముందు, ప్రూన్ తోటలూ ఆప్రికాట్ తోటలూ ఉన్న రోజుల్లో, వాళ్ళ నాన్నగారికి కొన్ని ఎకరాల తోట ఉండేది. ఆయన పోయాక కూతురి వంతుకి వచ్చినవి ఒక మూడు కాళ్ళ నిచ్చెన, పళ్ళు ఎండబెట్టే చెక్క పళ్ళేలు ఓ పాతిక, ఒక జంట గొట్టాల తుపాకి. చలికాలంలో ఆయన దాన్ని పట్టుకుని ఆల్విసో ఉప్పు మడుల వైపు బాతుల వేటకి వెళ్ళేవాడట. చట్ట ప్రకారం రాష్ట్ర న్యాయశాఖకి పంపాల్సిన కాగితాలు పంపి, దాన్ని ఇంటికి తెచ్చుకుని, గరాజు పక్కన ఉన్న చిన్న స్టోర్ రూములో ఇనప్పెట్టె కొని అందులో పెట్టారు. ఏడాది తిరిగేసరికి గొట్టం మీద నారింజ రంగు మచ్చలు వచ్చాయి.

“ఏమండీ, మీరు ముప్ఫయ్యేళ్ళు గాలితో కాపురం చేశారు కదా. ఒకసారి వచ్చి మా గది చూడండి,” అన్నాడాయన ఫోనులో.

కాపురం అన్నమాట నిజమే. ఈ లోయలో చిప్పులు చేసే కర్మాగారాల్లో నా పని గాలి చూసుకోవడం. ఎంత వేడిగా ఉండాలి, ఎంత శుభ్రంగా ఉండాలి, ఎంత తేమగా ఉండాలి. తేమ మరీ తగ్గితే స్థిర విద్యుత్తు పుట్టి చిప్పుని చంపుతుంది. పెరిగితే, అల్యూమినియం తీగలని చెక్కిన తరవాత మిగిలిపోయిన రవంత క్లోరిన్ ఆ తేమని పట్టుకుని తీగలని తినేస్తుంది. కాబట్టి ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, 40కీ 45కీ మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబెట్టాలి. రిటైరయ్యాక ఆ విద్య ఇలా ఒక తోటమాలి తుపాకికి పనికొస్తుందని అనుకోలేదు.

తుపాకులతో మన వాళ్ళకి ఉన్న పరిచయం ఎంత చెప్పండి. బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు ఒళ్ళో ఒకటి. పోలీసు స్టేషన్లో గొలుసుతో కట్టేసిన త్రీ నాట్ త్రీలు. ఎన్‌సీసీలో చేరినవాళ్ళకి పాయింట్ టూ టూ రైఫిలు, అదీ ఏడాదికి ఓ పది గుళ్ళు. నేను కాకినాడలో ఎన్‌సీసీ చేశాను. కాల్చింది తక్కువ, తుడిచింది ఎక్కువ. తుపాకులు దాచే గదిని కోత్ అనేవారు. అక్కడి హవల్దారు గొట్టంలోంచి తాడు లాగించేవాడు, తాడు చివర చిందీ గుడ్డ. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మేం లాగుతూనే ఉండాలి. పాత త్రీ నాట్ త్రీ గుళ్ళు కాల్చిన రోజున గొట్టంలో మరుగుతున్న నీళ్ళు పోయాలని ఆయన చెబితే మాకు వింతగా ఉండేది. తుప్పు పట్టకూడదని నీళ్ళు పోయడమేమిటి? చాలా ఏళ్ళ తరవాత అర్థమయింది. ఆ గుళ్ళ కేపుల్లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడుగా మారి గొట్టం లోపల పొరలా మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకి సొంత అన్నదమ్ముడు. నూనె దాన్ని కరిగించలేదు, నీళ్ళే కరిగించాలి. మరిగే నీళ్ళయితే గొట్టాన్ని వేడెక్కించి తమంతట తామే ఆరిపోతాయి. కడగకుండా వదిలేస్తే ఆ ఉప్పు కాకినాడ గాలిలోంచి నీళ్ళు లాక్కుని వారం తిరక్కుండా గొట్టాన్ని తినేస్తుంది.

సరే, మిత్రుడి స్టోర్ రూము. వెడల్పు ఆరడుగులు, లోతు అయిదడుగులు. కింద కాంక్రీటు పలక, దాని కింద నేల. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకి నేలమాళిగ ఉండదు, పలక మీదే ఇల్లు. రెండు గోడలు బయటివి. ఇనప్పెట్టెని ఆ రెండు గోడలూ కలిసే మూలకి నెట్టి, నేరుగా కాంక్రీటు మీద కూచోబెట్టారు. చుట్టూ అట్టపెట్టెలు, నాన్నగారి చెక్క పళ్ళేలు. తుపాకిని నురుగు పరిచిన ప్రయాణపు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇనప్పెట్టెలో పెట్టారు. లోపల ఒక మూల గాజుసీసాలో బియ్యం. కింద అరలో సూపర్ మార్కెట్లో దొరికే తేమ పీల్చే డబ్బా, తెల్లటి గుళికలు సగం కరిగి నీళ్ళయి ఉన్నాయి.

“ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాం,” అన్నాడాయన. ఆ గొంతులో గాలి మీద కోపం ఉంది.

గాలిది తప్పేమీ లేదు. తేమ శాతం అనే మాటే మనుషుల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 50 శాతం తేమ అంటే గాలిలో సగం నీళ్ళని కాదు. ఆ వేడి దగ్గర ఆ గాలి ఎన్ని నీళ్ళు మోయగలదో అందులో సగం మోస్తోందని. మోయగల శక్తి వేడితో మారిపోతుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాముల నీటిని మోయగలదు. 10 డిగ్రీలకి దిగితే 9 గ్రాముల పైచిలుకు అంతే. 30కి ఎక్కితే 30 గ్రాములు. ఇప్పుడు పగలు 20 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్న గదిని తీసుకోండి. ఘనపు మీటరుకి ఎనిమిదిన్నర గ్రాములు ఉన్నాయన్నమాట. తలుపు మూసేసి, రాత్రి 10 డిగ్రీలకి చల్లబడనివ్వండి. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు, బయటికి పోలేదు. తేమ శాతం మాత్రం 92. ఇంకో డిగ్రీ దిగితే మంచు పడుతుంది.

కాకినాడలో ఏసీ కారు దిగగానే కళ్ళజోడు మసకబారుతుంది చూశారూ, అదే ఇది. అక్కడ మే నెల గాలికి నీళ్ళు ఎక్కువ, అద్దం చల్లన. శాంటా క్లారా గాలికి నీళ్ళు తక్కువే. వేసవి మధ్యాహ్నం 28 డిగ్రీల దగ్గర 40 శాతం దాటదు, తెల్లవారుజామున అదే గాలి 14 డిగ్రీలకి దిగి 90కి దగ్గరవుతుంది. ఇక్కడివాళ్ళు “మాది పొడి ఊరు” అంటారు. మధ్యాహ్నం మాత్రమే పొడి. కనక ఇనుము దాచే గదికి మొదటి ప్రశ్న “గాలిలో ఎంత నీరుంది” కాదు. “ఈ గదిలో అన్నిటికన్నా చల్లనిది ఏది” అన్నది.

ఇక్కడ చల్లనిది ఇనప్పెట్టె అడుగు. జనవరిలో కాంక్రీటు పలక 12 డిగ్రీలుంటే, ఇంట్లో హీటరు వేడి చేసిన గాలి తలుపు తీసినప్పుడల్లా గదిలోకి వచ్చి, ఆ పెట్టె అడుగున చేరి చల్లబడుతుంది. మనిషి నిలబడే ఎత్తున మీటరు 50 చూపిస్తుంటే కింద 80 ఉంటుంది. మీటరు తలుపు పక్కన కంటి ఎత్తులో తగిలించారు. మీటరు అబద్ధం చెప్పలేదు, అది ఉన్నచోటి సంగతి అది చెప్పింది.

ఇంకో లెక్క వేసి ఆయనకి చూపించాను. ఆ గదిలో మొత్తం గాలి ఏడు ఘనపు మీటర్లు. అందులో ఉన్న నీరు 60 గ్రాములు, పావు గ్లాసు. ఇనప్పెట్టె లోపలి గాలిలో అయితే చెంచాడు కూడా లేదు. ఇంత కొంచెం నీటిని తీసెయ్యడానికి ఇన్ని తంటాలా అనిపిస్తుంది. కానీ అట్టపెట్టెలూ చెక్క పళ్ళేలూ కలిపి ఓ ఇరవై కిలోలు ఉంటాయి. 50 శాతం తేమలో ఉన్న కర్ర తన బరువులో 9 శాతం దాకా నీళ్ళు దాచుకుంటుంది. అంటే దగ్గర దగ్గర రెండు లీటర్లు. గాలిలోంచి పావు గ్లాసు తీసేస్తే అట్టపెట్టెలు మళ్ళీ పోస్తాయి. అవి అయిపోతే గోడ పోస్తుంది, పలక కింద నేల పోస్తుంది. ఇనప్పెట్టె కూడా తక్కువది కాదు. మంటలు తట్టుకోవాలని దాని గోడల్లో జిప్సం పలకలు పెడతారు. జిప్సం బరువులో అయిదో వంతు నీరే. అగ్నిప్రమాదంలో ఆ నీరు ఆవిరై లోపలి వేడిని ఆపుతుందని దాన్ని వాడతారు. మామూలు రోజుల్లో ఆ నీరు బిగుసుకునే ఉంటుంది కానీ, పలకలు గాలిలోని చెమ్మని పీల్చి వదులుతూ ఉంటాయి.

అందుకని మొదటి రోజు మేం చేసినదల్లా గది ఖాళీ చెయ్యడం. అట్టపెట్టెలు బయటికి. పళ్ళేలు ఇంట్లో మేడ మీదికి. ఇనప్పెట్టెని మూలలోంచి లాగి, ఇంటివైపు గోడకి చేర్చి, కింద అంగుళంన్నర మందం రబ్బరు దిమ్మలు పెట్టి లేపాం. దానికి మరో ఇద్దరు మనుషుల్ని పిలవాల్సి వచ్చింది. తుపాకిని నురుగు పెట్టెలోంచి తీసేశాం. నురుగు తడి పట్టిందంటే వదలదు, ఇనుముకి తడిగుడ్డ చుట్టినట్టే. తోలు తొడుగులదీ అదే కథ, తోలు పదును చేసినప్పటి ఆమ్లాలూ లవణాలూ అందులో మిగిలి ఉంటాయి. (తోలుకి కూడా పదును అంటారని ఆ క్షణంలోనే తట్టింది. తడిపి మెత్తబరిచేది.)

తరవాత ఆ తెల్ల గుళికల డబ్బా. అది కాల్షియం క్లోరైడు. బట్టల బీరువాకి మంచిదే. కానీ అది పీల్చిన నీరు ఉప్పునీరై కింద నిలవ ఉంటుంది, ఒలికితే ఇనుముకి విషం. త్రీ నాట్ త్రీ గొట్టంలోంచి మా హవల్దారు కడిగించిన దాని బంధువుని తెచ్చి వీళ్ళు తుపాకి పక్కన కొలువుంచారు. బియ్యం మాటకొస్తే, ఉప్పు డబ్బాలో నాలుగు గింజలు వేసే అలవాటు మనకీ ఉంది. ఉప్పు గడ్డ కట్టకుండా అవి కొంత ఆపుతాయి. కానీ బస్తాలోంచి తీసిన బియ్యంలో అప్పటికే 12 శాతం దాకా నీరుంటుంది. అది ఇంకొకరి నీళ్ళు ఏం మోస్తుంది? ఆ సీసా ఖాళీ చేసి అన్నం వండుకోమన్నాను.

మీటరు సరిగ్గా చెబుతోందా అన్నది చూడ్డానికి ఉపాయం కూడా వంటింట్లోనే ఉంది. చిన్న గిన్నెలో రెండు చెంచాల ఉప్పు వేసి, చిత్తడిగా అయ్యేటన్ని నీళ్ళు చిలకరించాలి. కరిగిపోకూడదు, తడిసిన ఇసకలా ఉండాలి. ఆ గిన్నెనీ మీటరునీ గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఎండ తగలని చోట ఒక రాత్రి ఉంచితే, లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. గది 15 డిగ్రీలున్నా 25 ఉన్నా పెద్దగా తేడా రాదు. ప్రయోగశాలల్లో వాడే పద్ధతే ఇది. వాళ్ళ మీటరు పొద్దున్న 68 చూపించింది. ఏడు తక్కువ. ఇన్నాళ్ళూ వాళ్ళు 50 అనుకుంటున్నది 57 అన్నమాట, అదీ కంటి ఎత్తున.

ఈ 75 ఇంకొకటి కూడా చెబుతుంది. వంటింటి ఉప్పు 75 దాటిన గాలిలోనే చెమర్చడం మొదలుపెడుతుంది. మన చెమటలో ఉన్నది ఆ ఉప్పే. వేళ్ళతో ముట్టుకున్న చోట ఇనుము మీద ఉప్పు ముద్ర పడుతుంది. తేమ తక్కువ ఉన్నంతకాలం ఆ ముద్ర నిద్రపోతుంది. ఒక్క రాత్రి 75 దాటితే లేచి పని మొదలుపెడుతుంది. ఆ నారింజ మచ్చలు భూతద్దంలో చూస్తే వేలిగీతలు తెలిశాయి. నాలుగు వేళ్ళు, ఒక వరసలో.

ఆవిడ ఆ మచ్చలు చూసి, నాన్న వేళ్ళేమో అంది.

ఆ తుపాకి మీద ఆయన చెయ్యి ఉన్నమాట నిజమే, కానీ అక్కడ కాదు. రెండు గొట్టాల కింద, కర్ర మొదలయ్యే చోటికి కాస్త ముందు, నల్లటి పూత అరిగిపోయి వెండిలా తెల్లబడిన జాగా ఉంది. తుపాకిని మోసే మనిషి ఎడమ చెయ్యి అక్కడే పడుతుంది, బరువు అక్కడ సమంగా తూగుతుంది కనక. నలభై ఏళ్ళు ఒకే చెయ్యి పడితే ఇనుము మీద అలా దారి పడుతుంది. గుడి మెట్టు అరిగినట్టు. నారింజ మచ్చలు కొత్తవి. పాత తుప్పు గోధుమరంగుకి తిరిగి గట్టిపడుతుంది, ఇది వేలితో రాస్తే వస్తోంది. ఏడాది కిందట తుపాకిని నురుగు పెట్టెలోకి ఎత్తి పెట్టింది ఎవరని అడిగాను. మా మిత్రుడు తన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు. భార్య ఆయన వైపు చూసి నవ్వింది. మెత్తటి గుడ్డకి నూనె అద్ది ఆ మచ్చలు అక్కడే తుడిచేశాం. గుంటలు పడలేదు.

తుపాకులు బాగుచేసే దుకాణంలో ఒకాయన మొత్తం గొట్టానికి కొత్త పూత వేస్తే ఏ గొడవా ఉండదన్నాడట. ఆవిడ ఒప్పుకోలేదు. పూత వేస్తే ఆ తెల్ల జాగా పోతుంది, అది పోయాక తుపాకి ఉంచుకోవడం దేనికి అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. చిక్కేమిటంటే, తుప్పు మొదట పట్టేది కూడా సరిగ్గా అక్కడే. ఆ నల్లటి పూత రంగు కాదు. అది కూడా ఒక రకం తుప్పే. జంట గొట్టాలని సీసం అతుకుతో కలుపుతారు కనక మరిగే క్షారంలో వెయ్యడానికి వీల్లేదు, అతుకు పాడవుతుంది. అందుకని పాత పనివాళ్ళు గొట్టానికి మందు రాసి, చెమ్మ పెట్టెలో పెట్టి కావాలనే తుప్పు పట్టించేవారు. ఎర్ర తుప్పు వచ్చాక నీళ్ళలో ఉడికిస్తే అది నల్లబడుతుంది. పైపొడి బ్రష్‌తో దులిపి మళ్ళీ చెమ్మ పెట్టె, మళ్ళీ ఉడకబెట్టడం, అలా ఎన్నో సార్లు. నల్ల తుప్పు పొర నూనెని పట్టి ఉంచి ఎర్ర తుప్పుని కొంత ఆపుతుంది. తండ్రి చెయ్యి ఆ పొరని తీసుకుపోయింది. మిగిలింది ఒంటరి ఇనుము. కూతురికి కావలసింది అదే. దానికి మైనం సన్నగా రాశాం. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో తయారైన రకం మైనం ఒకటి దొరుకుతుంది, మ్యూజియాలవాళ్ళు ఇనుముకీ కర్రకీ వాడతారు. నూనెలా కారిపోదు, వేలి చెమటని లోపలికి పోనివ్వదు.

మరి గది ఎంత పొడిగా ఉండాలి? ఎంత పొడిగా ఉంటే అంత మంచిదని మా మిత్రుడి అభిప్రాయం. 20 శాతానికి దించేద్దామన్నాడు. ఇనుము మాట ఒక్కటే అయితే సరే అనేవాణ్ణి. 1930ల్లో ఇంగ్లండులో వెర్నన్ అనే ఆయన ఇనప ముక్కల్ని రకరకాల తేమల్లో ఉంచి తూచి చూశాడు. మురికి గాలిలో సైతం 60 శాతం దాకా తుప్పు నత్తలా నడుస్తుంది, అది దాటగానే ఒక్కసారి పరుగెత్తుతుంది. కనక 60కి కింద ఉంటే ఇనుముకి పెద్ద భయం లేదు. కానీ తుపాకి సగం కర్ర. ఈ తుపాకి వెనక కర్ర క్లారో వాల్‌నట్, కాలిఫోర్నియా నల్ల వాల్‌నట్ చెట్టుది, పొగమంచులో దీపంలా లోపల గీతలు కదులుతాయి. తేమ 30కి దిగితే ఆ కర్రలో నీరు 9 శాతం నుంచి 6కి పడిపోతుంది. కర్ర అడ్డంగా ముడుచుకుంటుంది. ఇనుము ముడుచుకోదు. రెండూ మరలతో బిగించి ఉన్నాయి, నలిగేది కర్రే. వీణ ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు, శీతాకాలం హీటరు పక్కన పెట్టిన వీణ దండి చీలిన కథలు ఈ ఊళ్ళో నాలుగైదు ఇళ్ళలో విన్నాను. అమెరికాలో తుపాకుల మ్యూజియం వాళ్ళు 21 డిగ్రీలు, 50 శాతం అంటారు, మారకుండా అన్నది ముఖ్యం. మేం 45కీ 50కీ మధ్య అనుకున్నాం. రైతు పిడికిట్లో మట్టి నొక్కి చూసే కొలత ఇదే, కాకపోతే దీనికి బ్యాటరీ ఉంది.

పరికరం చాలా చిన్నది. డీహ్యుమిడిఫయరు కొందామని ఆయన ఉబలాటపడ్డాడు. కంప్రెసర్ ఉన్నవి 15 డిగ్రీల కింద సరిగా పనిచెయ్యవు, లోపలి గొట్టాల మీద మంచు కడుతుంది. మనకి అవసరం పడేది ఆ చలిలోనే. గది ఖాళీ చేశాక దాని అవసరమే లేకపోయింది. ఇనప్పెట్టె అడుగున మూరెడు వేడి కడ్డీ పెట్టాం, పాతిక వాట్ల లోపు. దానికి తీగ పోవడానికి పెట్టె వెనక రంధ్రం ముందే ఉంటుంది. అది ఒక్క చుక్క నీరు కూడా తియ్యదు. పెట్టెని బయటకన్నా మూడు డిగ్రీలు వెచ్చగా ఉంచుతుందంతే. 15 డిగ్రీల దగ్గర 65 శాతం ఉన్న గాలి 18 డిగ్రీల దగ్గర 54 అవుతుంది. మన ఊళ్ళలో కెమెరా లెన్సులు ఉన్న బీరువాలో వెలిగించి ఉంచిన జీరో బల్బు ఇదే పని చేసేది. పేరుకి జీరో, తాగేది పదిహేను వాట్లు.

మిగిలింది సిలికా జెల్ తీసుకుంటుంది. 50 శాతం దగ్గర అది తన బరువులో పావు వంతు నీటిని పట్టగలదు. నీలం నుంచి గులాబీకి తిరిగే రకంలో కోబాల్ట్ ఉంటుంది, మనవలు తిరిగే ఇంట్లో వద్దని నారింజ నుంచి ఆకుపచ్చకి తిరిగేది తెప్పించాం. ఆకుపచ్చ తిరిగాక 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాలిస్తే మళ్ళీ నారింజ. వంటింటి ఓవెన్లో మాత్రం కాదు, గరాజులో ఒక పాత టోస్టర్ ఓవెన్ దీనికే కేటాయించారు. తుపాకిని గొట్టాలు కిందికి ఉండేలా తలకిందులుగా నిలబెట్టాం. మామూలుగా నిలబెడితే నూనె ఏళ్ళ తరబడి మెల్లగా జారి కర్రలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది.

మనవల మాట వచ్చింది కనక. మా మిత్రుడికి తుప్పు అసలు బాధ కాదని నాకు మొదటి రోజే తెలుసు. ఆయనకి ఇంట్లో తుపాకి ఉండడమే కిట్టదు. సెలవులకి మనవలు వస్తే నిద్ర పట్టదంటాడు. పోలీసులకి అప్పగించేద్దామని రెండేళ్ళుగా పోరుతున్నాడు. పిల్లల చేతికి అందేలా వదిలేస్తే కాలిఫోర్నియా చట్టం ఊరుకోదు కూడా. ఆ గదిలో నేను తేమ గురించి మాట్లాడుతున్నంత సేపూ ఆయన చూపు తాళం మీదే ఉంది.

విరాటపర్వంలో పాండవులు ఆయుధాలు దాచే ఘట్టం గుర్తుందా? జమ్మిచెట్టు ఎక్కింది నకులుడు. ముందు విండ్ల నారి సడలించారు. తరవాత వాన నేరుగా పడని చోటు వెతికి మరీ అతను అక్కడ గట్టిగా కట్టాడని వ్యాసుడు రాశాడు. చిన్నప్పుడు హరికథల్లో ఆ వాన సంగతి ఎవరూ చెప్పలేదు. అందరూ చెప్పింది శవం సంగతి. కొమ్మకి ఒక శవాన్ని కూడా వేలాడదీసి, దారిన పోయే గోపాలకులకి అది నూట ఎనభై ఏళ్ళ మా తల్లి అని, మా కులాచారం అని చెప్పారు. వాన తగలకుండా ఒక ఏర్పాటు, మనుషులు దగ్గరికి రాకుండా ఇంకో ఏర్పాటు. ఏడాది పోయాక ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పితే ఆయుధాలు ధగధగలాడుతున్నాయి.

ఇది చెప్పినప్పుడు మా మిత్రుడు “మా ఇంట్లో శవం ఎక్కణ్ణించి తేను?” అన్నాడు. శవం బదులు మూడు తాళాలు పడ్డాయి. గది తలుపుకి ఒకటి, ఇనప్పెట్టెది ఒకటి, తుపాకి మీటకి అడ్డంగా ఇంకొకటి. గుళ్ళు ఇంట్లో ఉంచుకోవద్దని ఆయన పట్టుబట్టాడు, ఆవిడ ఒప్పుకుంది. ఆవిడకి కావలసింది ఆ తెల్ల జాగా, దాన్నించి గుళ్ళు పేలక్కర్లేదు. రెండేళ్ళ పోరు అలా తీరింది. నా తేమ లెక్కల వల్ల తీరిందని చెప్పుకోను గానీ, గది ఖాళీ చేసిన రోజునే వాళ్ళిద్దరూ దాని గురించి అరుచుకోకుండా మొదటిసారి మాట్లాడుకున్నారు. అది చూశాను.

మన దగ్గర ఆయుధపూజ దసరాకి వస్తుంది. నైరుతి వానలు వెనక్కి తగ్గే వేళ. నాలుగు నెలల చెమ్మ తరవాత కత్తీ కొడవలీ బయటికి తీసి, తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టడం. భక్తి సంగతి అటుంచి, అది మంచి కాలెండరు. శాంటా క్లారాలో వానలు దసరా తరవాత మొదలవుతాయి. అందుకని ఇక్కడ అది ముందుజాగ్రత్త అవుతుంది. పోయిన దసరాకి ఆవిడ నూలు చేతితొడుగులు వేసుకుని తుపాకి తీసి, మైనం మళ్ళీ రాసి, మా మిత్రుడి పట్టు మీద కుంకుమ మాత్రం ఇనప్పెట్టె తలుపుకే పెట్టింది. కుంకుమలో ఏముందో ఎవరికి తెలుసు, గొట్టానికి వద్దన్నాను.

లోపల అడుగున ఒకటి, పైన ఒకటి, రెండు మీటర్లు ఉన్నాయిప్పుడు. ఆదివారాలు ఆవిడ ఒక నోటు పుస్తకంలో రెండంకెలూ రాస్తుంది. అదే పుస్తకంలో ముందు పేజీల్లో వాళ్ళ నాన్న పెన్సిలుతో రాసుకున్న ప్రూన్ల బరువులు ఉన్నాయి, పచ్చివి ఎన్ని, ఎండాక ఎన్ని. ఫిబ్రవరిలో వారం పాటు వాన కురిసినప్పుడు అడుగు మీటరు 53 దాకా వెళ్ళి దిగింది. మిగతా రోజులన్నీ 46, 47, 48.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. ఆరు వారాలు రాజమండ్రి వెళుతున్నారట, ఇద్దరూ. పొట్లాలు మార్చి వెళ్ళాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. ఆ కడ్డీ ప్లగ్గు మాత్రం పీకకండి అని రెండుసార్లు చెప్పాను. ఊరికి బయల్దేరే ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ వరసగా పీక్కుంటూ పోవడం ఆయనకి అలవాటు.